దుర్గారావు కట్టిన ఎర్ర ట్యాగు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కింద పెట్టిన దుర్గారావు, గొంతు సవరించుకుని తన ఇంటికి షట్‌డౌన్ ప్రకటించాడు.

ఉక్కు ప్లాంటులో ఏ మెషిన్ మీదైనా పని చెయ్యాలంటే ముందు దాని స్విచ్ ఆపి, ఆ స్విచ్‌కి ఎర్ర ట్యాగు కడతారు. "ఖతరా! మనుషులు పనిలో ఉన్నారు, ముట్టరాదు" అని హిందీలో అచ్చేసిన అట్టముక్క అది. కింద కట్టినవాడి సంతకం ఉంటుంది. కట్టినవాడే దాన్ని విప్పాలి. ఎంత పెద్ద మేనేజరు దిగివచ్చినా సరే, ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. భిలాయిలో పుట్టిన పిల్లలకి అ ఆలకన్నా ముందు ఈ సంగతి తెలుస్తుంది. రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా జుట్టు నెరిసిన దుర్గారావు, స్టోర్సువాళ్ళు పారేసిన పాతరకం ట్యాగులు ఓ కట్ట ఏరుకొచ్చి, టీవీకొకటి, ఫ్రిజ్‌కొకటి, తన ఫోనుకొకటి, దివాన్ మంచానికొకటి కట్టుకుంటూ పోయాడు.

"ఫ్రిజ్జేటి సేసిందండీ మిమ్మల్ని?" అంది భార్య సింహాచలమ్మ, పెరుగు గిన్నె చేత్తో పట్టుకుని.

"పుస్తకం ముందు కూకున్న కాణ్ణుంచి పావుగంటకోసారి లెగిసెళ్ళి దాని తలుపు తీస్తన్నాను. లోపల ఏటీ ఉండదు. అయినా తీస్తన్నాను."

"మరి ఈ పెరుగు పెట్టాలంటే?"

"నన్ను పిలు. నేనొచ్చి ఇప్పుతాను. కట్టినోడే ఇప్పాలి."

"మంచానికెందుకు డాడీ?" అంది కూతురు మధులత. "మీరు కుర్సీలో కూడా పడుకుంటారు కదా!"

దుర్గారావు మంచం ట్యాగు ముడి ఇంకాస్త బిగించాడు.

మర్నాడు పదింటికి పక్క ఊరు దుర్గ్‌లో పరీక్ష. మామూలు కార్మికుణ్ణి ఆఫీసరుని చేసే పరీక్ష. ఇంతకుముందు రాసిన ప్రతిసారీ తప్పాడు. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. తన దగ్గర టెస్టర్ పట్టుకోవడం నేర్చుకున్న శరత్, ఆఫీసరై తెల్ల హెల్మెట్ పెట్టుకుని వచ్చి "ఏయ్ దుర్గారావ్!" అని కేకేసిన రోజున అతను ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఈ పసుప్పచ్చ హెల్మెట్‌తోనే రిటైరైపోతానన్న దిగులు అతన్ని అప్పట్నుంచీ లోపల్లోపలే తినేస్తోంది.

చెయ్యని ప్రయత్నమంటూ లేదు పాపం. రంగురంగుల పెన్నులతో టైంటేబులు గీశాడు. గీయడానికి వారం పట్టింది, చూసుకుని మురిసిపోవడానికి ఇంకో వారం పట్టింది. మధులత ఫోనులో ఓ యాప్ వేసిచ్చింది. అది తెల్లవారకుండానే "నువ్వు సింహానివి, లే!" అని హిందీలో గర్జించేది. సింహం దుప్పటి మొహం మీదికి లాక్కునేది. అనుకున్నది కాగితం మీద రాసి అద్దానికి అంటించుకోవాలని ఎవరో చెబితే అదీ చేశాడు. గడ్డం గీసుకునే వేళకి ఆ కాగితం కనబడి, నిన్న కూడా చదవలేదని గుర్తొచ్చి, చెంప కోసుకోవడమే అయింది. ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క రోజు. మిగిలిన ఉపాయం ఈ ట్యాగులు.

ఇంట్లో ఈ ఏర్పాటుకి సంతోషించిన మనిషి ఒక్కడే. సింహాచలమ్మ తండ్రి తాతబ్బాయి. ప్లాంటులో క్రేను నడిపి రిటైరైనవాడు. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవడో తొందరపడి ట్యాగు పీకెయ్యడం వల్ల ఆయన స్నేహితుడు నూకరాజు చెయ్యి నలిగిపోయింది. ఆనాటినుంచీ ఎర్ర ట్యాగంటే ఆయనకి దేవుడి పటంతో సమానం. ఉత్తరాది సీరియల్ ఒకటి ఏళ్ళ తరబడి చూస్తున్న మనిషి, టీవీకి వేలాడుతున్న అట్టముక్కని చూసి రెండు చేతులూ జోడించాడు.

"మావయ్యా, సీరియల్ టైముకి ఇప్పుతాన్లే," అన్నాడు దుర్గారావు మొహమాటంగా.

"అక్కర్నేదు బాబూ. పనైనాకే ఇప్పు. ట్యాగంటే ట్యాగే."

దుర్గారావు పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ మొదటి వాక్యం మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే క్వార్టర్ల బ్లాకు ముందున్న వినాయకుడి పందిట్లో లౌడ్‌స్పీకరు మోగింది. కిటికీ రెక్కలు దడదడలాడాయి, పుస్తకంలో అక్షరాలు కూడా ఆడుతున్నట్టే అనిపించింది.

మెట్లు దిగి వెళ్ళి బతిమాలుకున్నాడు. పందిరి కమిటీ పెద్ద విక్రమ్, దుర్గ్ కుర్రాడు, చేతులు పట్టుకుని మరీ మర్యాద చేశాడు. "అంకుల్‌జీ, బస్ రాత్ తక్!" అన్నాడు. రాత్రి దాకానే అట! ప్రసాదం దొన్నె చేతిలో పెట్టి పంపించాడు. తిరిగొస్తుంటే దుర్గారావుకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ దొన్నెలో బూందీ తింటూనే బ్లాకు వెనకవైపుకి నడిచి, గోడకున్న కరెంటు పెట్టె వైపు చూశాడు.

రోలింగ్ మిల్లులో ఏ తీగ ఎక్కడికెళ్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు గానీ, కాపురమున్న బ్లాకు పెట్టె తలుపు ఏనాడూ తీసి చూసిన పాపాన పోలేదు. విక్రమ్ మనుషులు పందిరికి ఇక్కణ్ణుంచే లాగారని మాత్రం తెలుసు. తీగ లోపలికెళ్ళిన చోట ఉన్న పెద్ద హ్యాండిల్ కిందికి దించాడు. స్పీకరు సగం పాటలో గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. ఎవరైనా వచ్చి మళ్ళీ ఎత్తేస్తారేమోనని జేబులో మిగిలిన ఆఖరి ట్యాగు తీశాడు. పురికొస అయిపోయింది. ఫ్రిజ్ ట్యాగు కోసం తెచ్చి మిగిల్చిన మధులత గులాబీరంగు రిబ్బను ఉంటే దానితో కట్టి, ఎవరూ చూడకుండా గబగబా ఓ సంతకం గిలికి, పిల్లిలా ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు.

ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది. పోనీలే, చెమట పడితే నిద్ర రాదనుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో, నెలల తరబడి సాధ్యం కానిది, వరసగా కొన్ని పేజీలు చదివాడు. చదివింది బుర్రకెక్కుతోంది కూడా! దుర్గారావు కళ్ళ ముందు తెల్ల హెల్మెట్ మెరిసింది.

ఆ హ్యాండిల్ బ్లాకు మొత్తానిదీ, నీళ్ళ మోటారుదీ కూడా అని తెలిసేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా అందరూ మామూలు కరెంటు కోతే అనుకున్నారు.

ముందు కుళాయిలు ఆగిపోయాయి. పై అంతస్తులో ఉన్న దుర్గారావు ఇంటికి మామూలు రోజుల్లోనే నీళ్ళు ఎక్కీ ఎక్కనట్టు వస్తాయి కాబట్టి ఆ సంగతి వాళ్ళకే ఆఖరున తెలిసింది. కింద ఇళ్ళవాళ్ళు బిందెలూ బకెట్లూ పట్టుకుని పెట్టె దగ్గరికి పోయారు. ట్యాగు చూశారు. ఇంకో ఊరైతే ఎవడో ఒకడు దాన్ని పీకి పారేసి హ్యాండిల్ ఎత్తేసేవాడు, కథ అక్కడితో సరి. ఇక్కడ అందరూ ప్లాంటు మనుషులు, ప్లాంటు పెన్షనర్లు, ప్లాంటు పెళ్ళాలు. ట్యాగు చూసి రెండడుగులు వెనక్కి వేశారు. విక్రమ్ కూడా, వాళ్ళ నాన్న ప్లాంటు కోక్ ఓవెన్స్ బట్టీల్లో పనిచేసినవాడే, చెయ్యి చాపి మళ్ళీ లాక్కున్నాడు. ఈలోగా తాతబ్బాయి స్టూలు తెచ్చుకుని పెట్టె కింద వేసుకుని, చేతికర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అల్లుడు పుస్తకం ముందునుంచి కదలడన్న నమ్మకం మీద, ఆ ట్యాగు అతనిదేమోనన్న అనుమానమే ఆయనకి రాలేదు.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన లైన్‌మాన్ సతీష్‌కుమార్ సైకిలు స్టాండు వేసి చూశాడు.

"ట్యాగుంది. పని లేదు, మనిషీ లేడు. లగానేవాలా కిధర్ గయా, తాతా?"

"అదే నాకూ దడగున్నాది రా బాబూ. పొద్దున్న కట్టినోడు ఇంతసేపు ఎక్కడున్నట్టు? కేబుల్ కాలవలోకి దిగి పడిపోనేదు కదా!"

అంతే. మాట ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి వెళ్ళేలోపే మనిషి పడిపోయాడు, స్పృహ తప్పింది, కొన ఊపిరితో ఉన్నాడు. బ్లాకులో ఉన్న ఎలక్ట్రీషియన్ దుర్గారావు ఒక్కడే. తాతబ్బాయి పరుగులాంటి నడకతో పైకెక్కి తలుపు బాదాడు.

"అల్లుడూ! నీ షట్‌డౌనుకి అడ్డొచ్చినందుకు ఏటీ అనుకోకు. ఎవడో మనిషి పేణం పోతన్నాది!"

దుర్గారావు కిందికి దిగి, జనం మధ్యలోంచి తన ట్యాగునీ తన కూతురి రిబ్బనునీ చూశాడు.

"సంతకం ఎవలిదో సూడు. నువ్వు సదూకున్నోడివి."

తన సంతకాన్ని తనే కళ్ళు చికిలించి చూశాడు. "తెలీడం లేదు మావయ్యా."

"సంతకం ఎట్టడం కూడా రాని ఎదవకి ట్యాగు ఎవడిచ్చాడో!"

"అదేలెండి," అన్నాడు దుర్గారావు.

నిజం చెప్పేస్తే? ట్యాగుని తప్పుగా వాడితే చార్జిషీటు. చార్జిషీటు ఉన్నవాణ్ణి పరీక్ష హాల్లోకి రానివ్వరు. చెప్పకపోతే? బల్ల మీద తెరిచిన పుస్తకం తెరిచినట్టే ఉంది. ఆలోచించే వ్యవధి కూడా ఇవ్వకుండా సతీష్‌కుమార్ అతని చేతిలో టార్చిలైటు పెట్టాడు. వెనకనున్న కేబుల్ కాలవ మీద పలకలు ఒకటొకటే లేపడం మొదలైంది. బ్లాకులో ఉన్న ఒక్కగానొక్క ఎలక్ట్రీషియన్ కాబట్టి ముందు నడవాల్సింది దుర్గారావే. కాలవలోకి తల పెట్టి, "ఓ భాయ్! ఉన్నావా?" అని అరిచాడు. తనకోసం తనే అరుచుకుంటున్నాడు, పలికేవాడెవడు? అరిచిన ప్రతిసారీ ఒక పాఠం చదవకుండా పోతున్నట్టు అతనికి అనిపించింది.

"గట్టిగా పిలండి! సచ్చిపోయాడేటి?" అని ఎవరో కసిరారు.

"ఇంకా లేదు," అన్నాడు దుర్గారావు నీరసంగా.

ఎండ వాలింది. కాలవలో ఓ చెప్పు దొరికింది, అది చూసి జనం ఘొల్లుమన్నారు. "ఏ తల్లి కన్న బిడ్డో! ఇంటికాడ పెళ్ళాం పిల్లలు అన్నం ఎట్టుకుని ఎదురుసూస్తంటారు," అని తాతబ్బాయి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. విక్రమ్ ఫైరింజనుకి ఫోను చెయ్యబోతున్నాడు. అదే సమయంలో సింహాచలమ్మ, ఈ గొడవేమిటో చూద్దామని బిందె చంకనెత్తుకుని వచ్చింది. పెట్టెకి వేలాడుతున్న రిబ్బను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. పాతికేళ్ళ కాపురంలో ఆ చూపు ఎప్పుడెప్పుడు పడిందో, పడిన తర్వాత ఏమైందో దుర్గారావుకి బాగా గుర్తు.

"మావయ్యా," అన్నాడు ఏడుపుగొంతుతో. "ఏడవకండి. ఆ ట్యాగు కట్టింది నేనే."

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. చేతులకి కాలవ మట్టి, చేతుల్లో ఖాళీ బకెట్లు. విక్రమ్ ఫోను కిందికి దించాడు.

"నువ్వేటి! మరింతసేపూ ఎవర్ని ఎతికినావు? సంతకం తెలీడం లేదన్నావు!"

"అంతమంది మీద పడిపోయేసరికి బుర్ర పనిసెయ్యలేదు మావయ్యా."

"క్యోం అంకుల్? ఎందుకు కట్టినారు?" అన్నాడు సతీష్‌కుమార్.

స్పీకరు కోసమని చెప్పడానికి దుర్గారావు నోరు తెరిచాడు. విక్రమ్ వెనక నిలబడ్డ పందిరి కుర్రాళ్ళ భుజాలు కనబడ్డాయి. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరు.

"లోపల జాయింటు... వేడెక్కుతున్నట్టు అనిపించి... సల్లారేక సూద్దామని పైకెళ్ళి, సదువులో పడి మర్చిపోయాను."

సతీష్‌కుమార్ అనుమానంగా లోపలి మూత తీశాడు. తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు. కాలిన రబ్బరు కంపు గుప్పుమంది. పందిరికోసం మెయిన్ జాయింటుకి చుట్టబెట్టిన తీగ నల్లగా మాడి, తొడుగు కరిగి, ఇనుప పెట్టెకి వేలెడు దూరంలో వేలాడుతోంది.

"అరే బాప్‌రే! ఇంకో గంట నడిచుంటే పెట్టెకి కరెంటు పాకేసేది. పక్కనే పిల్లలు ఆడుతుంటారు!"

ఆశ్చర్యపోయినవాళ్ళలో అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది దుర్గారావే. జనం ఒక్కసారిగా అతని చుట్టూ మూగారు. చేతులు పట్టుకున్నారు. విక్రమ్ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. తాతబ్బాయి, "నా అల్లుడు!" అని అందరికీ చూపించాడు. సింహాచలమ్మ ఒక్కతే బిందె దించలేదు.

సతీష్‌కుమార్ జాయింటు మార్చేశాడు. దుర్గారావు ట్యాగు విప్పడానికి చెయ్యి చాపాడు.

"రుకో అంకుల్! ఇంత పెద్ద ప్రమాదం తప్పింది కదా, పైకి రాయాలి. సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా ట్యాగు విప్పకూడదు. ఈరోజు ఆదివారం, దొరకరు. రేపు పొద్దున్నే వస్తారు. ఆయన ముందు మీరే మీ చేత్తో విప్పాలి."

"రేపు నాకు ఎగ్జామ్ రా!"

"ఎనిమిదింటికల్లా అయిపోతుందిలే అంకుల్."

ఆ సాయంత్రం కరెంటు లేదు, నీళ్ళు లేవు. కొవ్వొత్తి వెలుగులో చదువుదామని కూర్చుంటే బ్లాకులో ఇంటికొకరు చొప్పున వచ్చి అభినందించి పోయారు. వచ్చినవాళ్ళందరికీ పక్క బ్లాకునుంచి మోసుకొచ్చిన నీళ్ళతో టీలు పెడుతూ సింహాచలమ్మ మొగుడితో ఒకే ఒక్క మాట అంది. "రేపు ఇప్పాక రిబ్బను కడిగివ్వండి." దివాన్ మంచానికున్న ట్యాగు విప్పే ఓపిక కూడా లేక దుర్గారావు కుర్చీలోనే పడుకున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్ టికెట్ జేబులో పెట్టుకుని, స్కూటర్ తాళం చేత్తో పట్టుకుని పెట్టె దగ్గర నిలబడ్డాడు. సేఫ్టీ ఆఫీసరు రాలేదు. ఫోను చేస్తే, "మీటింగులో ఉన్నారు, బయల్దేరుతున్నారు," అన్నారు. తొమ్మిదైంది. ఇంకా బయల్దేరుతూనే ఉన్నారు.

"మావయ్యా, నేను ఎల్లాలి. ఈ ట్యాగు బాధ్యత హేండోవర్ ఇచ్చేస్తాను, ఎవరైనా తీసుకోండి."

"ఎవలికిస్తావు బాబూ? ట్యాగు కట్టినోడివి నువ్వొక్కడివే. సతీసు మజ్జాన్నం షిఫ్టుకి గానీ రాడు."

"పోనీ ఇప్పేసి ఎల్లిపోతాను!"

తాతబ్బాయి లేచి కర్ర అడ్డంగా పెట్టాడు. "సంతకం నేకుండా ఇప్పుతావేటి? నూకరాజుగాడి సెయ్యి నేనే ఏరి గుడ్డలో కట్టినాను. నా మీంచి ఎల్లు."

దుర్గారావు స్కూటర్ వైపు తిరిగాడు. అటు బకెట్లు అడ్డం వచ్చాయి. "నువ్వెల్లిపోతే ఇప్పేదెవలు? నిన్నట్నుంచి సుక్క నీరు నేదు!" అని ఆడవాళ్ళు దారి కట్టేశారు. దుర్గ్ దాకా వెళ్ళాలి. పదింటికి పరీక్ష హాలు గేటు మూసేస్తారు. ఇక దాచుకునేదేమీ లేదనిపించింది.

"అది అబద్ధపు ట్యాగమ్మా!" అని అరిచాడు. "జాయింటూ లేదు, గీయింటూ లేదు! స్పీకరు నోరు మూయించడానికి కట్టేను! సదువుకోడానికి కట్టేను! నన్ను తిట్టండి, కొట్టండి, చార్జిషీటు ఇప్పించండి, కానీ ఎల్లనివ్వండి!"

అందరూ ముచ్చటపడి నవ్వారు.

"సూసినారా?" అన్నాడు తాతబ్బాయి, గర్వంగా గుంపు వైపు తిరిగి. "అంత పెద్ద పని సేసి, సెయ్యనేదంటన్నాడు. ఎంత అణకువో!"

"జాయింటు మా కళ్ళతో చూశాం కదా అంకుల్‌జీ," అన్నాడు విక్రమ్. అప్పటికే అతను దండ తెప్పించి ఉంచాడు.

దుర్గారావు స్టూలు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాకి మట్టి అంటుకున్నా చూసుకోలేదు. పదైంది. గేటు మూసేసి ఉంటారు. అతని కళ్ళలో నీళ్ళు చూసి, బ్లాకు మీది అభిమానమనుకుని ఒకావిడ తనూ కళ్ళు తుడుచుకుంది. సింహాచలమ్మ మాత్రం గుంపులోంచి వచ్చి అతని పక్కన కూర్చుంది. అప్పటికి ఆమె కోపం పూర్తిగా పోయింది. దుర్గారావుకి అది మరీ భయంగా తోచింది.

సేఫ్టీ ఆఫీసరు రాజగోపాల్ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం కావస్తోంది. వచ్చినాయన పెట్టె చూశాడు, మాడిన తీగ చూశాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. దుర్గారావు లేచి రిబ్బను ముడి లాగాడు. ముడి అతను కట్టినప్పటికన్నా తేలిగ్గా ఊడి వచ్చింది. హ్యాండిల్ ఎత్తాడు. బ్లాకులో ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగాయి, పందిట్లో స్పీకరు నిన్న ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకుంది.

విక్రమ్ దండ వేశాడు. ఫొటో తియ్యాలన్నారు. రాజగోపాల్ తన తెల్ల హెల్మెట్ తీసి స్వయంగా దుర్గారావు తలకి పెట్టాడు. అది సరిగ్గా సరిపోయింది. మధులత ఫొటో తీసింది. ఫొటో అయిపోగానే రాజగోపాల్ హెల్మెట్ తీసేసుకుని, భుజం మీద చెయ్యి వేసి, మనస్ఫూర్తిగా అన్నాడు.

"నీలాంటివాళ్ళు ఆఫీసర్లు కావాలయ్యా! ఈరోజే కదా పరీక్ష, నువ్వెందుకు రాయలేదు?"

దుర్గారావు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. హాల్ టికెట్ తగిలింది. ఎర్ర ట్యాగు కూడా దాని పక్కనే పెట్టుకుని ఇంటికి మెట్లెక్కాడు.

ఆ రోజు మాత్రం నీళ్ళు పై అంతస్తు దాకా ఎక్కాయి.